గెడ్డలో మూడు రోజులు

నిర్మల ఆ రోజు మీటింగుకి గెలవడానికే వచ్చింది. నలుగురి మాటా విని సర్దుకుపోయే ఉద్దేశం ఆమెకి ఏ కోశానా లేదు. మధ్యాహ్నంలోగా సంఘం చేత ఔననిపించాలి, అంతే. ఆమె పట్టుదల ఎరిగినవాళ్లు ఆ మొహం చూడగానే చేతులెత్తేస్తారు. కానీ సంఘంలో ఇద్దరికి ఆ భయం లేదు. ఒకరు అధ్యక్షుడు గంగరాజు, కాఫీ తోటల్లో తిరిగి తిరిగి జుట్టు నెరిసినవాడు. రెండో మనిషి సోములమ్మ. ఆవిడ వయసెంతో ఆవిడకే తెలియదు. అడిగితే "రోడ్డు రాకముందు పుట్టినాను" అంటుంది.

సంస్థ పేరు ఊటగెడ్డ. హుకుంపేటలో రెండు గదుల రేకుల ఇల్లు, ఒక కంప్యూటరు, వాన పడితే పక్క మనిషి మాట వినపడనంత చప్పుడు. ఆఫీసు ఇంత చిన్నదైనా దాని వెబ్‌సైటు కొండ మీద చాలా ఊళ్లకి ఆసరా. చోడికి, అంటే రాగి పైరుకి, తెగులొస్తే ఏం చెయ్యాలి, కాఫీ పండు ఎప్పుడు కోయాలి, బాలింతకి ఏ కూర పెట్టాలి, ఇలాంటివన్నీ ఎనభై నాలుగు పేజీల్లో రాసిపెట్టారు. అవి చాలకపోతే ఫోనులో మాట్లాడి ప్రశ్న పంపొచ్చు. నిర్మల, ఇంకో ఇద్దరు అమ్మాయిలు విని, మాటతోనే జవాబు పంపుతారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగినా పెట్టలేని రోజులొచ్చాయి. వారానికి మూడొందల ప్రశ్నలు, జవాబు చెప్పేది ముగ్గురు, వానాకాలం వచ్చిందంటే సిగ్నలు ఎప్పుడు పలుకుతుందో దానికే తెలియదు.

కిందటేడు వానల్లో ఒక ప్రశ్న మూడు రోజులు అలా పడి ఉండిపోయింది. అడిగింది భాను. గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతలి ఊరి కోడలు, ఇంటరు దాకా హాస్టళ్లలోనే పెరిగిన పిల్ల. ఇంట్లో గింజలు అడుగంటాయి, టెంక అంబలి కాద్దామనుకుంది. మామిడి టెంక పగలగొట్టి, లోపలి జీడిని దంచి కాచుకునే అంబలి అది. కొత్త పంట వచ్చేదాకా కొండల్లో కడుపు నింపేది అదే. "అక్కా, టెంకజీడి దంచినాను, ఇంకేటైనా సెయ్యాలా, కాసీవచ్చా?" అని అడిగింది. నాలుగో రోజు నిర్మల ఆ ప్రశ్న వినే వేళకి, భాను మామగారు భీముణ్ణి డోలీ కట్టి రోడ్డుకి మోసుకొచ్చేశారు. ఆస్పత్రిలో రెండు రోజులుండి కన్నుమూశాడు. బూజు పట్టిన టెంకలై ఉంటాయన్నారు అక్కడ.

నిర్మల ఆ మాటే నమ్మింది. బూజు టెంకలు పారెయ్యండి అని వెబ్‌సైటులో ఒక వాక్యం చేర్చింది కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. భీముణ్ణి పూడ్చిన చోట నిలబడి, ఇకమీదట ఏ ప్రశ్నా పొద్దు గడిచేదాకా ఆగకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు తీర్చే దారి తొమ్మిది నెలల తరవాత విశాఖపట్నం నుంచి లాప్‌టాప్ సంచీ తగిలించుకుని వచ్చింది.

ఆ వచ్చినాయన దేవీప్రసాద్. స్వచ్ఛంద సంస్థలకి వెబ్‌సైట్లు చేసిపెట్టే మనిషి, నెమ్మదస్తుడు. వెబ్‌సైటులో ఏఐ పెడదామన్నాడు. ఎవరేం అడిగినా అడిగిన క్షణంలో తెలుగులో మాట్లాడి జవాబు చెబుతుంది. నిద్రపోదు, సెలవు పెట్టదు, ఒకేసారి వెయ్యిమంది అడిగినా విసుక్కోదు. పరీక్షకి ఆఫీసు కంప్యూటరులో పెట్టి చూపించాడు. సంఘం ఒప్పుకుంటే సోమవారం నుంచి అందరికీ తెరిచేస్తానన్నాడు.

భానుని కూడా మీటింగుకి రప్పించింది నిర్మలే. ఆలస్యమైతే ఏమవుతుందో ఆ పిల్ల నోటితోనే చెప్పిస్తే గంగరాజు ఇంక మాట్లాడలేడని ఆమె ఎత్తు. మంచి పనికే అయినా అది కాస్త టక్కరి ఆలోచనేనని ఆమెకి తెలుసు. తెలిసే రప్పించింది. భాను వచ్చి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది.

అనుకున్నట్టే గంగరాజు మొదటే అడ్డం తిరిగాడు. "మనిషి అడిగితే మనిషి సెప్పాల. మన ఊటగెడ్డకి పేరొచ్చింది అందుకే. మన కడుపుల సంగతి యంత్రానికేటి తెలుసు?"

"మనుషులం ఏం సెప్పినాం మావా?" అంది నిర్మల. "నాలుగో రోజు సెప్పినాం. ఆలస్యం అమృతం విషం అన్నారు. మన మాట అమృతమే అనుకో, అది ఎల్లేసరికి మనిషి పోతే ఎవరికి కావాల?"

గంగరాజు భాను వైపు చూసి తల దించుకున్నాడు. బాణం తగిలిందని నిర్మలకి అర్థమైంది. ఆ సందు చూసుకుని దేవీప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాట చెప్తానండి. ఇది ఎక్కడెక్కడి మాటలో ఏరుకొచ్చి చెప్పదు. మీ ఎనభై నాలుగు పేజీలే దీని లోకం. అందులో ఉన్నదే చెప్తుంది, ఏ పేజీలోదో కూడా చెప్తుంది. లేనిదాన్ని అడిగితే తెలీదంటుంది."

నిర్మలకి అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే. మాట మనదే, నోరు మాత్రం దానిది. ఇందులో భయపడ్డానికి ఏముంది?

సోములమ్మ అంతవరకూ పొగాకు చుట్టుకుంటూ ఊరుకుంది. ఇప్పుడు ఆ చుట్ట చెవి వెనక దోపుకుని కంప్యూటరు దగ్గరికి వచ్చింది. "సాల్లే మీ గోల. కొత్త కోడలికి వంట వచ్చో రాదో వండించి సూత్తే తెలుత్తాది గానీ, అరుగు మీద కూకుని మాటాడుకుంటే తెలుత్తాదా? అడిగి సూద్దాం." అని, మైకులోకి వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అడిగింది. "ఓలమ్మీ! టెంక అంబలి ఎలగ కాయాల?"

క్షణం కూడా ఆగకుండా ఒక ఆడగొంతు చల్లగా పలికింది. "మామిడి టెంకలను బాగా ఎండబెట్టండి. బూజు పట్టినవి ఉంటే పారెయ్యండి. మంచివి పగలగొట్టి లోపలి జీడి తీయండి. జీడిని మెత్తగా దంచి, జల్లించి, మరిగే నీళ్లలో పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ అంబలి కాచుకోండి. ఈ సమాచారం ఊటగెడ్డ వెబ్‌సైటు నలభై ఒకటో పేజీలోది."

బూజు మాట వినగానే నిర్మల ఛాతీ పొంగింది. అది తను చేర్చిన వాక్యం. ఈ గొంతు కిందటేడే ఉండి ఉంటే, అనుకుంటూ గంగరాజు వైపు చూసింది, ఇంకేమంటావు అన్నట్టు.

"మరి గెడ్డేదే?" అంది సోములమ్మ.

"ఏ గెడ్డండీ?" అన్నాడు దేవీప్రసాద్.

"గెడ్డలో ఎట్టడం ఏదని అడుగుతన్నాను. దంచింది దంచినట్టే కాసీమంటన్నాది ఈ గుంటపిల్ల! అది తాగినోడి పేగులు బయటికొచ్చెత్తాయి."

దేవీప్రసాద్‌ అర్థం కాక అందరి మొహాలూ చూశాడు. గంగరాజు విడమరిచి చెప్పాడు. దంచిన జీడిని అలాగే వండకూడదు. వెదురు గంపలో అడ్డాకులు పరిచి, ఆ పిండి పోసి, గెడ్డలో నీటి ధార కింద మూడు రోజులు పెట్టాలి. వగరూ విషమూ ఆ నీళ్లతో కొట్టుకుపోతాయి. చిటికెడు నాలుక మీద వేసుకుంటే వగరు తగలని రోజునే పొయ్యి ఎక్కించాలి. చెప్పడం అయ్యాక ఆయన గొంతు పెంచాడు. "సూసినావా నిర్మలా? నే సెప్పలేదా? యంత్రానికేటి తెలుసని!"

"ఇది దాని తప్పేనా అండీ?" అని నిర్మల దేవీప్రసాద్ మీదకి వెళ్లింది. "మా పేజీ కోసేసి చెప్తోందా?"

ఆయన నలభై ఒకటో పేజీ తెరిచి తెర ఆమె వైపు తిప్పాడు.

నిర్మల చదివింది. మళ్లీ చదివింది. ఎండబెట్టడం ఉంది, పగలగొట్టడం ఉంది, దంచడం ఉంది, జల్లించడం ఉంది. గెడ్డ లేదు. మూడేళ్ల కిందట ఇదే గుమ్మంలో సోములమ్మ చెబుతుంటే తనే రాసింది. గెడ్డ సంగతి తనకి తెలియక కాదు. చిన్నప్పుడు గంప కొట్టుకుపోకుండా దాని మీద రాళ్లు పెట్టిందీ, పీతలు రాకుండా ఒడ్డున కాపలా కూర్చుందీ తనే.

"నేను సెప్పనేదేటి?" అంది సోములమ్మ. తరవాత తనే నెమ్మదిగా తల ఊపింది. "సెప్పనేదు. ఎందుకు సెప్తాను? గెడ్డలో ఎట్టకుండా టెంక ఎవుడు కాత్తాడు? కూడు వండమంటే, బియ్యం కడుగు అని కూడా సెప్తామా?"

"నేను కాసినాను," అంది గుమ్మం దగ్గర భాను.

అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల ఎవరినీ చూడటం లేదు. కంప్యూటరు తెరనే చూస్తోంది.

"ఆ పేజీ సూసే కాసినానక్కా. మాయత్త ఆడబిడ్డ పురిటికి ఎల్లింది. ఇంట్లో అడుగుదామంటే ఆడమనిషి నేదు. హాస్టల్లో మాకు టెంక అంబలి ఎవరు నేర్పుతారు? పేజీలో ఉన్నట్టే దంచినాను, జల్లించినాను. నోట్లో ఏసుకుంటే ఒకటే వగరు. ఇంకేటైనా సెయ్యాలేమో అని మిమ్మల్ని అడిగినాను. మీరు పలకనేదు. మావ రెండు పూటల నుంచీ పస్తు. అందుకే కాసీసినాను. నేను గుక్కెడు తాగి వదిలీసినాను. మావ ముంతెడూ తాగీసినాడు."

తెర మీదనుంచి చూపు దించేసింది. "బాగుందమ్మా అన్నాడు."

సోములమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ చేతి వెనకనుంచే అంది, "భీముడికి వగరు తెలవదా? పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ తాగినోడు. కోడలు మొదటిపాలి సేతులారా దంచిందని, సిన్నబుచ్చుకుంటాదని తాగీసినాడు. మా మగోళ్లింతే. పెట్టిన సెయ్యిని తప్పు పట్టరు."

"ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదే?" అంది నిర్మల.

"ఏటని సెప్పను? నాకు సేత కాక అలగయ్యిందనుకున్నాను. పేజీలోనే తప్పుందని నాకేటి తెలుసు?"

నిర్మల తొమ్మిది నెలలుగా ఆలస్యమొక్కటే తన పాపమనుకుని మోస్తోంది. అసలు పాపం మూడేళ్ల కిందటే, తన చేతి రాతలో ఉంది. పేజీలో ఆ ఒక్క మాట ఉంటే పిండి మూడు రోజులు గెడ్డలో నానుతూ ఉండేది. నాలుగో రోజు తన జవాబు కూడా సమయానికే అందేది. ఇది తెలియక, ఆ పిల్ల తన చేతులే తప్పు చేశాయని తొమ్మిది నెలలు కుమిలిపోయింది. ఆ పిల్లనే తను పందెంలో పావులా తెచ్చి గుమ్మంలో కూర్చోబెట్టింది. నిర్మలకి అంత సిగ్గు జన్మలో ఎప్పుడూ వెయ్యలేదు.

గంగరాజు మంచివాడు. ఓదార్చబోయాడు. "తిలా పాపం తలా పిడికెడు నిర్మలా. సెప్పినోళ్లం మేం, రాసినదానివి నువ్వు, సదివి ఊరుకున్నోళ్లం అందరం."

"పిడికెళ్లు పంచకు మావా." నిర్మల వెళ్లి భాను పక్కన నేల మీద కూర్చుంది. "తప్పు నాది. నీది కాదు భానూ, ఏ కొంచెమూ నీది కాదు. నీ సెయ్యి పోసింది నా సెయ్యి రాసిందే."

భాను ఏడవలేదు. నిర్మల చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. రేకుల మీద ఎండ చిటపటమంటోంది.

కొంతసేపటికి దేవీప్రసాద్ మెల్లగా అన్నాడు. "ఐదు నిమిషాల పనండి. ఆ వాక్యం చేర్చేస్తే ఈ క్షణం నుంచే అది సరిగ్గా చెప్తుంది."

"చేర్చండి. ఇప్పుడే." ఆయన చేర్చేదాకా నిర్మల కళ్లు తిప్పలేదు. "ఇలాంటివి మిగతా పేజీల్లో ఎన్ని ఉన్నాయో దానికి తెలుసా?"

"తెలీదండి. పేజీలో లేనిది దానికి లేనట్టే."

"మాకూ తెలీదు," అంది నిర్మల.

"అయితే వొద్దనే కదా?" అన్నాడు గంగరాజు. గెలిచానన్న సంతోషం ఆయన మొహంలో లేదు. తొందరగా ఇంటికి పోదామన్నట్టు ఉన్నాడు.

నిర్మల లేచి నిలబడింది. తప్పు తెలిశాక ఆమె మెత్తబడుతుందని ఎవరైనా అనుకుని ఉంటే, వాళ్లకి నిర్మల తెలియదన్నమాట. "వద్దని ఊరుకుంటే ఏమవుద్ది మావా? పేజీలు అలాగే ఉంటాయి. ఇంకో భాను సదువుద్ది. ఇన్నాళ్లూ మన తప్పు నెమ్మదిగా ఒక్కొక్కరికే సేరింది. ఈ యంత్రం పెడితే ఒక్క పూటలో వందమందికి సేరుద్ది. అదే మాట ఒప్పయితే, ఒప్పు కూడా అంతే బేగి సేరుద్ది. అది ఏం మాటాడాలన్నది మన సేతుల్లోనే ఉంది. వానలకి ఇంకా రెండు నెలలుంది. ప్రతి సంత రోజూ పెద్దల్ని కూకోబెట్టి, ఎనభై నాలుగు పేజీలూ పైకి సదువుదాం. ఏం వదిలేశామో ఆళ్లే సెప్తారు."

"సెప్పరక్కా," అంది భాను.

"ఏం?"

"పెద్దోళ్లకి తెలుసు కదా. వినీసి, బాగుంది అంటారు. లేని మాట ఆళ్ల బుర్రలో దానంతటదే ఉంటాది. మాలాంటోళ్ల సేత సేయించండి, హాస్టల్లో పెరిగినోళ్ల సేత. పేజీలో ఉన్నది ఉన్నట్టు సేత్తాం. పెద్దోళ్లు నోరు మూసుకుని సూడాల."

సోములమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసి, "నోరు మూసుకుని! నన్ను!" అంది. కానీ ఆ మాటకి అడ్డు చెప్పలేదు.

అక్కడే తీర్మానం అయింది. తినేవీ, తాగేవీ, మందులూ, పురుళ్లూ, వీటి పేజీలేవీ పిల్లలు చేసి పెద్దలు ఒప్పుకునేదాకా యంత్రం నోట పలకకూడదు. ఒప్పుకోని సంగతి ఎవరడిగినా, అది తెలియదని ఊరుకోకుండా మనిషికి ఫోను కలపాలి. ఆ ఫోను ఎత్తడానికి వానల్లో వారానికొకరు సిగ్నలున్న చోటే ఉండాలి. మొదటి వారం తనే ఉంటానంది నిర్మల.

దేవీప్రసాద్ అన్నిటికీ తల ఊపాడు గానీ ఆఖరి దానికి తటపటాయించాడు. నలభై ఒకటో పేజీ పైన పెద్దక్షరాలతో ఇలా వెయ్యమంది నిర్మల: ఈ పేజీ మూడేళ్లు తప్పుగా ఉంది, అందువల్ల ఒక మనిషి చనిపోయాడు, రాసింది నిర్మల.

"నిర్మల గారూ, నిధులిచ్చేవాళ్లు కూడా చూస్తారండి."

"చూడనివ్వండి. ఆ పేజీ చదివి వండుకున్నవాళ్లు ఇంకా ఎక్కడెక్కడున్నారో నాకు తెలీదు. వాళ్లకి కనపడాలి."

ఆయన వేశాడు.

ఆ రెండు నెలలూ సంతకి వచ్చినవాళ్లకి ఉచితంగా వినోదం దొరికింది. ఆఫీసు వెనక దొడ్డిలో పిల్లలు పేజీ పట్టుకుని పని చేస్తుంటే, పెద్దలు పెదవులు బిగపట్టి, తొడలు చరుచుకుంటూ కూర్చునేవారు. కోళ్లగూడు పేజీలో తలుపు సంగతే లేదని, ఒక కుర్రాడు బుద్ధిగా తలుపు లేని గూడు కట్టి ఇచ్చాక గాని ఎవరికీ తెలియలేదు. అడవి దుంపల పేజీలో ఎన్నిసార్లు ఉడికించి నీళ్లు పారబొయ్యాలో లేదు. అది నవ్వే సంగతి కాదు. మొత్తం పంతొమ్మిది పేజీల్లో ఇలాంటి ఖాళీలు బయటపడ్డాయి. అయినా నిర్మల ఒక్క సంత కూడా మానలేదు.

నలభై ఒకటో పేజీ ఆఖరుకి మిగిలింది, కొత్త టెంకలు ఎండేదాకా ఆగాలి కనక. అది తనే చేస్తానంది భాను. పేజీ చదువుతూ పగలగొట్టింది, దంచింది, అడ్డాకులు పరిచిన గంపని గెడ్డలో దించి రాళ్లు పెట్టింది. మూడు రోజులూ పొద్దున్నే వెళ్లి చూసొచ్చింది. నాలుగో రోజు చిటికెడు నాలుక మీద వేసుకుని, సోములమ్మ మొహంలోకి చూడకుండా, తనంతట తనే "పోయింది" అంది. పొయ్యి వెలిగించే ముందు నిర్మలని పక్కకి పిలిచి, ఆ పేజీలో ఇంకో మాట చేర్చమంది. ఏ మాటో చెప్పింది. నిర్మల అక్షరం మార్చకుండా రాసింది.

అంబలి ఉడుకుతుండగా దేవీప్రసాద్ యంత్రాన్ని అందరికీ తెరిచాడు. మొదటి ప్రశ్న భానునే అడగమంది నిర్మల. భాను ఫోను నోటి దగ్గర పెట్టుకుని, కిందటేడు అడిగిన మాటే అడిగింది. "టెంకజీడి దంచినాను, ఇంకేటైనా సెయ్యాలా, కాసీవచ్చా?"

"ఇప్పుడే కాయకండి," అంది ఆ గొంతు. "దంచిన జీడిని అడ్డాకులు పరిచిన గంపలో పోసి, పారే గెడ్డ నీటిలో మూడు రోజులు ఉంచండి. చిటికెడు నోట్లో వేసుకుని, వగరు పూర్తిగా పోయాకే కాయండి. కాచిన అంబలి వగరుగా అనిపిస్తే, వండినవాళ్లు బాధపడతారని తాగెయ్యకండి. ఆ మాట వాళ్లకి చెప్పెయ్యండి."

గంగరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. భాను ఫోను పక్కన పెట్టి, అంబలి దించి, తలా ఒక ముంతలో పోసింది. అందరూ తాగి ముంతల్లోకి చూస్తూ ఊరుకున్నారు. ఎవరూ పెదవి విప్పకపోతే నిర్మలే విప్పింది.

"ఉప్పు లేదు భానూ."

భాను ఆమె వంక చూసింది. తరవాత నవ్వేసింది, కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే. "పేజీలో ఉప్పు మాట నేదక్కా."

నిర్మల ముంత కింద పెట్టి, ఉప్పు మాట రాయడానికి లోపలికి వెళ్లింది.